బండి తీసే ముందు: ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ల ప్రశ్నలు, జవాబులు

విశాఖ పోర్టు దగ్గరి గోడౌన్లలో 1988లో హెల్పర్‌గా చేరాను. తర్వాత ఆపరేటర్నయ్యాను, ఆపైన మెకానిక్‌నయ్యాను. మొత్తం 31 ఏళ్లు ఫోర్క్‌లిఫ్ట్‌ల చుట్టూనే, అంటే ముందున్న రెండు ఇనుప ఫోర్కులతో సరుకు ఎత్తే బండ్ల చుట్టూనే గడిచాయి. ఇప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కుర్రాళ్లకి బండి నేర్పుతున్నాను. కిందటి నెల ఈ శీర్షికలో ‘రోజూ బండిని చుట్టూ చూసుకున్నాకే తాళం తిప్పండి’ అని ఒక్క ముక్క రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది అడిగింది ఒకటే: “సార్, అంత టైమెక్కడిది?” కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, అందుకని ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: ఐటీఐ చదివి ఒక అట్టపెట్టెల కంపెనీలో ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్‌గా చేరి నాలుగు నెలలైంది. బండి 3 టన్నుల డీజిల్‌ది. రోజూ 28 గళ్ల చెక్‌లిస్ట్ నింపాలి. మా సూపర్‌వైజర్ “టిక్కులు పెట్టేసి రా, లారీ నిలబడి ఉంది” అంటారు. మిగతావాళ్లు టీకొట్టు దగ్గరే నింపేస్తారు. నిజంగా అన్నీ చూడాలా? ఎంతసేపు పడుతుంది? — పాశమైలారం నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు నా సైకిల్ సంగతి చెప్తాను. 1991లో నేను పనిచేసే చోట చెక్‌లిస్ట్ అంటే ఒక పొడవాటి రిజిస్టరు. ఆ రోజు పొద్దున నేనూ మీవాళ్లలాగే ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని కుడిచేత్తో పైనుంచి కిందికి టిక్కులు గీకేశాను. హ్యాండ్ బ్రేక్ గడిలో కూడా టిక్కే. పదకొండింటికి ర్యాంపు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, చలానా మీద సంతకం కోసం ఆఫీసులోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బండి ఏ తొందరా లేనట్టు మెల్లగా ర్యాంపు దిగిపోతోంది. గోడవారన ఉన్న సైకిల్‌ని గోడకేసి అదిమి అప్పుడు ఆగింది. ఆ సైకిల్ నాదే. అప్పటికింకా దాని వాయిదాలు కడుతున్నాను. మామూలుగా ఆ గోడ నీడలో ఒక హమాలీ కూర్చుని బీడీ కాల్చుకునేవాడు, ఆ రోజు అదృష్టం కొద్దీ పనిలోకి రాలేదు. రిజిస్టర్లో మాత్రం హ్యాండ్ బ్రేక్ బాగుందని నా సంతకంతోనే ఉంది.

ఇక టైము సంగతి. అలవాటయ్యాక పది నిమిషాలు చాలు. మొదటి వారం ఇరవై పడుతుంది, పట్టనీ. చెక్‌లిస్ట్‌లో ఉన్న వరసలో చూడకు. ఆఫీసులో కూర్చుని రాసినవాడికి తోచిన వరస అది. ముందు టైరంటాడు, తర్వాత హారనంటాడు, మళ్లీ వెనక్కొచ్చి వీల్ నట్లంటాడు. నువ్వు బండి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చెయ్యి. ఆ తర్వాత సీట్లో కూర్చుని చూడాల్సినవి చూడు. కాగితం చివర్లో నింపు.

ప్రదక్షిణకి ముందు రోజు రాత్రే ఒక పని ఉంది. బండి ఆపే చోట పాత అట్టపెట్టె ఒకటి విప్పి పరిచి దాని మీద ఆపు. మీ కంపెనీలో అట్టకేం కరువు! పొద్దున వంగి చూస్తే రాత్రంతా ఏం కారిందో ఆ అట్టే చెప్తుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. తేనె రంగులో ఉంటే ఎక్కువగా హైడ్రాలిక్ ఆయిల్. ఎర్రగా ఉంటే గేర్‌బాక్స్‌ది అయ్యుండొచ్చు. పచ్చగా, నీళ్లలా ఉంటే కూలెంట్. రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి, రంగు కంటే ఎక్కడ పడిందన్నది ముఖ్యం. ముందు చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అనుకో, బండి కదపకు.

టైర్లకి కోతలున్నాయా, రబ్బరు ముక్కలు ఊడాయా అన్నది ఎవరైనా చూస్తారు. వీల్ నట్ల చుట్టూ తుప్పు చార కనిపిస్తుందేమో కూడా చూడు. నట్టు వదులై కదులుతూ ఉంటే దాని కింద రాపిడికి తుప్పు పొడి వచ్చి, గీత గీసినట్టు కారుతుంది. స్పానరు పెట్టకుండానే వదులైన నట్టుని పట్టించే గుర్తు అది. వెనక చక్రాలు మరీ జాగ్రత్తగా చూడు, ఈ బండి తిరిగేది వాటితోనే కదా.

తర్వాత ఫోర్కులు. చాలామంది కొసలు చూసి వదిలేస్తారు. విరిగితే విరిగేది మడమ దగ్గర, అంటే నిలువు భాగం వంగి అడ్డంగా మారే చోట. లోడు బరువంతా అక్కడే పడుతుంది. నేలకి రాసుకుని అరిగేదీ అక్కడే. ఒక పాతగుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూడు. ఎదురుగా వేస్తే వెంట్రుకంత పగులు కనపడదు, పక్కనుంచి వేస్తే నీడ పడి కనిపిస్తుంది. ఫోర్కులు క్యారేజ్ మీద, అంటే వాటిని తగిలించే అడ్డ చట్రం మీద పక్కకి జారకుండా పట్టే పిన్నులు గట్టిగా కూర్చున్నాయో లేదో చేత్తో లాగి చూడు. పిన్ను పోయిందని వెల్డింగ్ రాడ్డు ముక్క దూర్చిన బండ్లు నేను పదైనా చూసుంటాను.

మాస్ట్ దగ్గర, అంటే ఫోర్కులు పైకీ కిందికీ నడిచే నిలువు చట్రం దగ్గర మాత్రం చెయ్యి జేబులో పెట్టుకో. చైన్ వదులుగా ఉందో లేదో వేలితో నొక్కి చూడటం మన దగ్గర అందరికీ ఉన్న అలవాటు. అదే టైములో పక్కవాడు లివరు కదిపితే ఆ వేలు తిరిగి రాదు. ఒక కర్రముక్క దగ్గర పెట్టుకుని దాంతో నొక్కు. రెండు చైన్లూ ఒకేలా లోపలికి వెళ్లాలి. ఒకటి వదులుగా, ఒకటి బిగుతుగా ఉంటే బరువంతా ఒకదాని మీదే పడుతున్నట్టు. లింకులు తుప్పుపట్టి బిర్రబిగుసుకుపోయాయా, పిన్ను తల ఏదైనా తిరిగిందా అన్నది కూడా చూడు. చైన్ సాగిందా లేదా కొలవడం మెకానిక్ పని. 3 శాతం సాగితే మార్చేయాలి. ముప్పావు అంగుళం పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) ఉన్న చైన్‌లో 20 పిచ్‌ల పొడవు కొత్తప్పుడు 381 మి.మీ. ఉంటుంది. అది 392 దాటిందంటే ఆ చైన్ పనైపోయినట్టే.

హైడ్రాలిక్ పైపుల విషయం కాస్త ఆగి చదువు. పైపుకి సూదిమొనంత చిల్లు పడితే ఆయిల్ ధారగా రాదు, కంటికి కనపడనంత సన్నగా పొగలా చిమ్ముతుంది. ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని అరచెయ్యి అడ్డం పెట్టావో, ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. అందుకే “ఏం కాలేదులే” అని పసుపు రాసుకుని ఇంటికెళ్లిపోతారు. లోపల మాత్రం కండ కుళ్లుతూ ఉంటుంది. అలాంటిది జరిగితే గంటల్లో ఆపరేషన్ చేయించాలి, లేకపోతే వేలో చెయ్యో పోతుంది. ఆస్పత్రిలో “దెబ్బ తగిలింది” అంటే కట్టు కట్టి పంపిస్తారు. “ఒత్తిడితో ఆయిల్ లోపలికి ఎక్కింది” అని స్పష్టంగా చెప్పాలి. లీకేజీ వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టు, చిల్లున్న చోట అట్ట తడుస్తుంది.

ఇంజన్ ఆయిల్, కూలెంట్, ఫ్యాన్ బెల్టు చూడటం నీకు ఐటీఐలోనే నేర్పి ఉంటారు. రెండు మాటలే చెప్తాను. వేడి మీద రేడియేటర్ మూత తీయకు. హైడ్రాలిక్ ఆయిల్ మట్టం చూసేటప్పుడు ఫోర్కులు నేల మీద ఉండాలి. పైకెత్తి ఉంచితే ఆయిల్ సిలిండర్లోకి వెళ్లిపోయి డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తుంది. తగ్గిందనుకుని పోస్తావు, ఫోర్కులు దించగానే ట్యాంకు పొంగుతుంది.

ఇప్పుడు సీట్లో కూర్చో. బెల్టుని ఒక్కసారి గట్టిగా గుంజు, పట్టేయాలి. హారన్, లైట్లు, రివర్స్ బజర్ చూడు. లోడు లేకుండా మాస్ట్ పూర్తిగా పైకెత్తి దించు, ముందుకీ వెనక్కీ వంచు. ఆ టైములో రేడియో గీడియో కట్టేయించు. కటకటమంటే రోలరు, కీచుమంటే గ్రీజు లేదు. కొద్దిగా ఎత్తి లివరు వదిలేసి ఒక నిమిషం చూడు, దానంతటది కిందికి జారకూడదు. తర్వాత ఒక మీటరు ముందుకి పోనిచ్చి బ్రేకు తొక్కు. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతే అక్కడితో ఆపేయ్. చివరగా హ్యాండ్ బ్రేక్. దాన్ని చదును నేల మీద చూసి లాభం లేదు, వాలు మీద చూడాలి. నా సైకిల్ సాక్షి.

మీ సూపర్‌వైజర్‌తో “బండి తీయను” అని మొదలుపెట్టకు. ఆయన నెత్తి మీదా లారీ ఉంటుంది. “సార్, ఒక్క నిమిషం రండి” అని తీసుకెళ్లి తడిసిన అట్ట చూపించు. కాగితం మీద ‘బాగోలేదు’ అని వదిలేయకుండా ‘ఎడమ టిల్ట్ సిలిండర్ దగ్గర ఆయిల్ కారుతోంది, 7:40కి చెప్పాను’ అని టైముతో రాసి, ఫొటో తీసి ఆయనకే వాట్సాప్‌లో పెట్టు. కళ్లారా చూసి, ఫోన్లో ఫొటో కూడా ఉన్నాక “ఏం కాదు నడుపు” అనడానికి ఎవరికైనా నోరు రాదు. తాళంచెవి కూడా ఆయన చేతికే ఇచ్చెయ్. బండి మీదే వదిలేస్తే తర్వాతవాడు తెలియక ఎక్కేస్తాడు.

ప్రశ్న: మాది బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్. ఇంజన్ లేదు, ఆయిల్ లేదు, అందుకని చూడటానికేం లేదంటారు మావాళ్లు. సెల్స్‌లో నీళ్లు చార్జింగ్‌కి ముందు పోయాలా, తర్వాతా అని రోజూ గొడవే. ఈ మధ్య చార్జింగ్ గదిలో కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. — శ్రీసిటీ నుంచి ఒక మహిళా ఆపరేటర్

జవాబు: వాసన సంగతి ముందు చూద్దాం అమ్మా, నీళ్ల గొడవ తర్వాత. బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దానికి వాసన ఉండదు. గాలిలో 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకి పేలుతుంది. తేలిక కాబట్టి పైకి పోయి కప్పు కింద చేరుతుంది. అందుకే చార్జింగ్ గదికి పైన గాలి పోయే దారి ఉండాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాలి. కుళ్లిన గుడ్డు వాసన వేరు. అది బ్యాటరీ అతిగా చార్జ్ అయి వేడెక్కినా, ఏదైనా సెల్ పాడైనా వచ్చే విషవాయువు. ముక్కు కాసేపట్లో ఆ వాసనకి అలవాటు పడిపోతుంది, తగ్గిపోయిందనిపిస్తుంది. తగ్గదు. మళ్లీ వాసన వస్తే అందరూ బయటికి రండి. గది బయటి మెయిన్ స్విచ్ కట్టేయించి, బాగా గాలి ఆడాక మెకానిక్‌ని పిలిపించండి. చార్జర్ కూడా చూపించాలి, ఒక్కోసారి బ్యాటరీ నిండగానే ఆపేసే దాని కటాఫ్ పోయి ఉంటుంది.

ఇక నీళ్లు. చార్జింగ్ అయ్యాకే పోయాలి. చార్జ్ అయ్యేటప్పుడు లోపలి యాసిడ్ ద్రావణం ఉబ్బుతుంది. ముందే నిండా పోస్తే పొంగి పైన పడుతుంది, ట్రే తుప్పు పట్టేది అందుకే. ఒక్క మినహాయింపు ఉంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే, చార్జింగ్‌కి ముందు అవి మునిగేంత మాత్రం పోసి, మిగతాది తర్వాత పోయండి. డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరు నీళ్లు పోస్తే ఆ ఉప్పంతా ప్లేట్లలోకే వెళ్తుంది. ఆర్‌వో నీళ్లు కూడా వద్దు.

“చూడటానికేం లేదు” అన్నవాళ్లతో ఈ నాలుగూ చెప్పండి. కేబుళ్ల ఇన్సులేషన్ పోయిందేమో చూడాలి. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయేమో చూడాలి. బ్యాటరీని కదలకుండా పట్టే క్లాంపు బిగించి ఉందో లేదో చూడాలి. 48 వోల్టుల బ్యాటరీ వందల కిలోల బరువుంటుంది, బండికి వెనక బరువులో అదీ ఒక భాగమే. మలుపులో అది కదిలితే బండి తూకమే తప్పుతుంది. నాలుగోది చార్జ్. మీటరు 20 శాతానికి వచ్చాక “ఇంకో రెండు పేలెట్లు” (సరుకు పేర్చే చెక్క బల్లలు) అనుకోకండి, బ్యాటరీ ఆయుష్షు అక్కడే తరిగిపోతుంది.

ఇంకొకటి, మూతలు తీసేటప్పుడు గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు తీసి పెట్టండి. రెండు టెర్మినళ్ల మధ్య లోహపు గాజు పడితే ఎర్రగా కాలిపోతుంది, చేతికి ఉండగానే. మంగళసూత్రం తీయమని ఎవరికైనా చెప్పడం నాకూ ఇబ్బందే. అలాంటప్పుడు నీళ్లు పోసే పని వేరేవాళ్లకి అప్పగించండి, లేదా గొలుసు జాకెట్టు లోపలికి వేసి పైన ఏప్రాన్ కట్టుకోండి. కళ్లజోడు తప్పనిసరి. కంట్లో యాసిడ్ చుక్క పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడుక్కుని, ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: మాకు ధాన్యం గోడౌన్ ఉంది. పాత 3 టన్నుల బండి కొన్నాను. దాని మీద కెపాసిటీ ప్లేటు (ఎంత బరువు ఎత్తొచ్చో రాసిన రేకు) లేదు. ఫోర్కులు అరిగినట్టున్నాయి కానీ పనిచేస్తున్నాయి. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్ చేయిస్తున్నప్పుడు రోజూ ఈ తతంగం అవసరమా? — కాకినాడ నుంచి ఒక యజమాని

జవాబు: ఏడాదికోసారి పరీక్ష అన్నది పాత మాటే. 1948 నాటి కర్మాగారాల చట్టం 29వ సెక్షన్ కూడా ఎత్తే యంత్రాలనూ చైన్లనూ కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తితో క్షుణ్ణంగా పరీక్ష చేయించాలంది. ఆ సర్టిఫికెట్ ఆ రోజు బండి ఎలా ఉందో చెప్తుంది, అంతే. నిన్న సాయంత్రం మీ ఆపరేటరు బండి వెనక భాగం గోడకి తగిలించిన సంగతి దానికి తెలియదు. ఏడాదికోసారి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నామని రోజూ పళ్లు తోముకోవడం మానం కదా.

ప్లేటు లేని బండితో బరువెత్తించకండి. ఛాసిస్ నంబరు పెట్టి కంపెనీ డీలర్ని అడగండి, అసలు లెక్కలతో కొత్త ప్లేటు ఇప్పించుకోండి. 3 టన్నుల బండి అంటే ఎప్పుడూ 3 టన్నులు ఎత్తుతుందని కాదు. మామూలుగా ఈ సైజు బండ్లలో ఆ లెక్క, లోడు బరువు కేంద్రం ఫోర్క్ నిలువు ముఖం నుంచి 500 మి.మీ. దూరంలో ఉన్నప్పటిది. లోడు పొడవైతే కేంద్రం ముందుకి జరుగుతుంది. త్రాసులాగే ఊహించుకోండి: ముందు ఇరుసు త్రాసు ఊగే మధ్య చోటు, వెనకున్న ఇనుప దిమ్మ ఒక పళ్లెం, లోడు రెండో పళ్లెం. ముందు ఇరుసు నుంచి ఫోర్క్ ముఖం దాకా సుమారు అర మీటరు అనుకుంటే, 3000 కిలోలు 1000 మి.మీ. దూరంలో తూగుతున్నాయి. అదే కేంద్రం 700కి జరిగితే దూరం 1200 అవుతుంది, అప్పుడు తూగేది 2500 కిలోలే. ఎత్తుకి లేపితే ఇంకా తగ్గుతుంది. ఈ లెక్క మీకు అర్థం కావడానికి చెప్పాను, పని మాత్రం ప్లేటు మీది అంకెతోనే చేయాలి. వెనక ఇద్దరు హమాలీల్ని నిలబెట్టి బరువు ఆన్చే పద్ధతి మీ దగ్గర ఉంటే ఈ రోజే ఆపించండి.

ఫోర్కులు ‘అరిగినట్టున్నాయి’ అని ఊరుకోకుండా కొలవండి. నిలువు భాగం అరగదు కాబట్టి క్యాలిపర్‌తో ముందు దాని మందం తీసుకోండి, తర్వాత మడమ దగ్గర కొలవండి. నిలువు భాగం 40 మి.మీ. ఉండి మడమ 36కి వచ్చిందంటే 10 శాతం అరిగినట్టు, ఇక ఆ ఫోర్కుని తీసేయాలి. “నాలుగు మిల్లీమీటర్లకేనా” అంటారు. వంగకుండా తట్టుకునే బలం మందానికి వర్గంగా ఉంటుంది: 0.9ని 0.9తో గుణిస్తే 0.81. అంటే పదో వంతు అరిగితే ఐదో వంతు బలం పోయినట్టే. ఆటోనగర్‌లో ఎవరో అతుకేస్తానంటారు, వేయించకండి. వేడికి ఉక్కు గుణం మారిపోతుంది, పగులు ఈసారి అతుకు పక్కన వస్తుంది. మార్చేటప్పుడు జతగా మార్చండి.

ప్రశ్న: మా ఆయన గల్ఫ్‌లో ఒక వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. మొన్న వీడియో కాల్లో వెనకాల ఒకతను ఫోర్కుల మీద పేలెట్ వేసుకుని, దాని మీద నిలబడి పైకి వెళ్లి బల్బు మారుస్తున్నాడు. బండి నడిపేది మా ఆయనే. అడిగితే “ఇక్కడ మామూలే” అన్నారు. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. — జగిత్యాల జిల్లా నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ టెన్షన్ సరైనదే. ఉత్త పేలెట్ మీద మనిషిని ఎత్తడం ఏ దేశంలోనైనా తప్పే. పేలెట్‌కి ఫోర్కుల మీద పట్టు ఉండదు, జారి వచ్చేలాగే దాన్ని చేస్తారు. పైన ఉన్నవాడు ఒక పక్కకి వంగితే పేలెట్ లేచిపోతుంది. మాస్ట్‌ని పట్టుకుని నిలబడితే కదిలే చైన్ల దగ్గర వేళ్లు పెట్టినట్టే. అలాంటి పనికి సిజర్ లిఫ్ట్, అంటే కత్తెరలా విచ్చుకుంటూ మనిషిని పైకెత్తే వేదిక, తెప్పించుకోవాలి. అది లేకపోతే, బండి తయారీదారు ఒప్పుకుంటేనే, చుట్టూ రెయిలింగ్ ఉండి క్యారేజ్‌కి గొలుసుతో బిగించే మనుషుల బుట్ట వాడాలి. బుట్ట పైన ఉన్నంతసేపూ ఆపరేటరు సీటు దిగకూడదు.

మీ ఆయనతో “మానేయండి” అంటే ఫోన్ పెట్టేస్తారు. నేనైనా అంతే. ఇలా అడిగి చూడండి: “అతను పడితే పోలీసులు ఎవర్ని పిలుస్తారు?” లివరు పట్టుకున్నవాణ్నే పిలుస్తారు. అక్కడ కేసు తేలేదాకా ఇంటికి రానివ్వకపోవచ్చు, పాస్‌పోర్టు చిక్కుల్లో పడొచ్చు. ఈ మాట ఆయనకి వెంటనే అర్థమవుతుంది. అక్కడి కంపెనీల్లో సాధారణంగా సేఫ్టీ ఆఫీసరని ఒకరుంటారు. “మ్యాన్ బాస్కెట్ లేదు” అని ఆయనకొక మెసేజ్ పెట్టి ఉంచమనండి. నో అని ముఖాన చెప్పలేనివాళ్లకి అది మంచి సాకు కూడా.

ప్రశ్న: మూడు షిఫ్టుల కంపెనీ మాది. పొద్దున షిఫ్టువాళ్లు చెక్ చేస్తే మిగతా రెండు షిఫ్టులకీ చెల్లుతుందా?

జవాబు: చెల్లదు. అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధన దీన్ని సూటిగా రాసింది: బండిని కనీసం రోజుకోసారి, పని మొదలుపెట్టకముందు పరీక్షించాలి, రాత్రీపగలూ నడిపేచోట ప్రతి షిఫ్టు తర్వాతా పరీక్షించాలి. మన దగ్గర ఎవరూ ఆ నిబంధన చూపించి అడగకపోయినా లాజిక్ ఒకటే. నిన్న రాత్రి వాళ్లు బండిని ఎక్కడ గుద్దారో పొద్దున వచ్చినవాడికి చెప్పరు. నా అనుభవంలో ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న: బండి పక్కకి ఒరుగుతుంటే దూకేయాలా? మా సీనియర్ దూకమంటాడు.

జవాబు: దూకొద్దు. దూకినవాడు పడే చోటే పైకప్పు ఫ్రేమూ పడుతుంది, కిందపడి నలిగేది ఇలాగే. బెల్టు పెట్టుకుని ఉండు, స్టీరింగ్ గట్టిగా పట్టుకో, కాళ్లు బిగదన్ను, ఒరిగే వైపుకి వ్యతిరేకంగా ఒంగు. బెల్టుని గుంజి చూడమని పైన రాసింది ఇందుకే. మీ సీనియర్ మంచివాడే అయ్యుంటాడు, ఆయన నేర్చుకున్న రోజుల్లో బండ్లకి బెల్టులు ఉండేవి కావు.

ప్రశ్న: మా చెక్‌లిస్ట్ అంతా ఇంగ్లీషులో ఉంది. నేను ఏడో తరగతి వరకే చదివాను. సంతకం పెట్టమంటే పెడుతున్నాను, ఏం రాసుందో తెలియదు. సిగ్గు విడిచి అడుగుతున్నాను. — అనకాపల్లి నుంచి

జవాబు: సిగ్గుపడాల్సింది మీరు కాదు, చదవలేని కాగితం మీద సంతకం తీసుకునేవాళ్లు. తెలుగులో ఒక పేజీ రాయించమని యూనిట్ మేనేజర్ని అడగండి, కంప్యూటర్ ఆపరేటర్‌కి అరగంట పని. ఈలోగా మా షెడ్డులో నేను చేసినట్టు చేయండి. పసుపు పెయింటు చిన్న డబ్బా ఒకటి, సన్న బ్రష్షు ఒకటి తెచ్చి, బండి చుట్టూ తిరిగే వరసలో చూడాల్సిన చోట్ల పక్కన అంకెలు వేశాను. వెనక ఎడమ టైరు దగ్గర 1, ఆ పక్క వీల్ నట్ల దగ్గర 2, ఫోర్క్ మడమ పైన 5, ఇలా. మడమ దగ్గర అంకెని నిలువు భాగం మీద వేయండి, మడమ మీద పెయింటు పూస్తే పగులు దాక్కుంటుంది. ప్లేటు మీద, సీరియల్ నంబరు మీద పెయింటు పడనీయకండి. కాగితం మీద కూడా అవే అంకెలు. చదవడం రాకపోయినా అంకె చూసి, చోటు చూసి, టిక్కు పెట్టొచ్చు. మాకు మొత్తం 12 వచ్చాయి. పన్నెండోది హ్యాండ్ బ్రేక్ లివరు మీద ఉంది.